ఎంజీబీ, ఎంజీసీ: అపోహలు – వాస్తవాలు

పాత బ్రిటిష్ కార్లు బాగుచేయడం నా పని. ఎంజీ అనే బ్రాండు స్పోర్ట్స్ కారు కొందామనుకునే వాళ్లు ‘బీ మంచిదా, సీ మంచిదా’ అని అడుగుతుంటారు. రెండూ ఆక్స్‌ఫర్డ్ దగ్గర్లోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీవే. బీ 1962 నుంచి 1980 దాకా తయారైంది. సీ 1967–69 మధ్యే వచ్చి ఆగిపోయింది, మొత్తం దాదాపు 9 వేల కార్లు.

అపోహ: బీలో పెద్ద ఇంజిన్ పెడితే సీ అయిపోతుంది

పైకి అలాగే కనిపిస్తుంది. బానెట్ మీద ఉబ్బు, 14 బదులు 15 అంగుళాల చక్రాలు, అంతే కదా అనిపిస్తుంది. కారు కిందికి దూరితే కథ వేరు. 2,912 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్ పట్టడానికి బీలో ఉండే ఫ్రంట్ క్రాస్‌మెంబర్ (ఇంజిన్ కింది అడ్డ దూలం) తీసేశారు. కాయిల్ స్ప్రింగుల బదులు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) వేసి, వాటి వెనక కొసలను ఫ్లోర్ కింద బిగించారు. బీని సీగా మార్చి ఇస్తామని ఎవరైనా తేలిగ్గా చెబితే నమ్మకండి.

అపోహ: సీలో ఉన్నది ఆస్టిన్-హీలీ 3000 (ఆ కాలపు మరో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇంజినే

సీసీ అదే. కానీ హీలీ క్రాంక్‌కు (పిస్టన్లు తిప్పే ఇరుసుకు) 4 మెయిన్ బేరింగులు, దీనికి 7.

అపోహ: సీ మలుపు తిరగదు

కొత్తలో కారు పత్రికలు రాసిన మాట ఇది, ఇప్పటికీ వదల్లేదు. ముందు బరువు నిజమే, ఇంజిన్ బీ కంటే సుమారు 95 కిలోలు ఎక్కువ. స్టీరింగ్ కూడా ఎక్కువ చుట్లు తిప్పాలి. కానీ ‘తిరగడం లేదండీ’ అంటూ వచ్చే కార్లలో చాలావాటికి టైర్లు గట్టిపడిపోయి, ముందు గాలి తక్కువై, చక్రాలను పట్టి ఉంచే చేతుల్లోని రబ్బరు విష్‌బోన్ బుష్‌లు అరిగిపోయి ఉంటాయి. అవి మార్చి, కాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) కాస్త తగ్గిస్తే స్టీరింగ్ తేలికవుతుంది. అయినా బీలా చటుక్కున తిరగదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంగ్లండ్ పల్లెల్లోని ఇరుకు రోడ్లకు నేనైతే బీనే తీసుకుంటాను. మోటర్‌వే మీద దూరాలు వెళ్లేవాళ్లకు 145 హార్స్‌పవర్ సీ హాయి. చార్లెస్ యువరాజుగా ఉన్న రోజుల్లో నడిపింది సీ జీటీయే (పైకప్పు ఉన్న రకం).

అపోహ: ఈ కార్ల కరెంటును నమ్మలేం

ఎక్కువసార్లు తప్పు, కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి అయిన ఎర్త్‌ది. బాడీకీ ఇంజిన్‌కూ మధ్య ఎర్త్ తీగ తెగితే, స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ (చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయడానికి లాగే తీగ) గుండా దారి వెతుక్కుంటుంది. కేబుల్ వేడెక్కి పొగ రావడంతో జనం వైరింగ్ అంతా పీకేస్తారు! ముందు సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటే, వాటిని కలిపే తీగ కొసలు గీకి చూడండి.

అపోహ: ఇంజిన్ బాగుంటే చాలు

అసలు ఖర్చు తలుపుల కింది సిల్స్‌లో ఉంటుంది. ఈ కార్లకు విడిగా ఛాసిస్ లేదు, బలమంతా వాటిదే. జాకీతో ఒక పక్క ఎత్తి తలుపు తీయండి. బిగుసుకుంటే సిల్స్ లోపల తుప్పు తినేసినట్టే, పైన పెయింట్ ఎంత మెరిసినా సరే. బీకి కొత్త బాడీ షెల్లే దొరుకుతుంది. సీకి బీ ముందు సస్పెన్షన్ సామాను పనికిరాదు కాబట్టి, బేరం ఆడేముందు టార్షన్ బార్లు బిగించిన చోట తుప్పు ఉందేమో చూసుకోండి.