రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంది?

కర్నూలులో మా చిన్నాయన లాడ్జికి ఇరవై రెండు రూములు. ఆన్‌లైన్ బుకింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలా అని కొన్నాళ్లుగా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ముగ్గురు వచ్చి డెమో చూపించిపోయారు. ఒకరిది నెలకింత అని బాడుగ, ఒకరిది బుకింగ్‌కింత అని కమీషన్. మూడో అతను "మొదటి ఏడాది ఫ్రీ సార్" అన్నాడు. తెర మీద ముగ్గురివీ ఒకటే గళ్లు: తేదీలు అడ్డంగా, రూము నంబర్లు నిలువుగా, నిండినవి ఎర్రగా, ఖాళీవి పచ్చగా. పైకి చూస్తే తేడా తెలియదు. ఆ గళ్లు ఎక్కడ పుట్టాయో, ఇక్కడికి వచ్చేలోపు ఎవరెవరి చేతులు మారాయో తెలిస్తే అప్పుడు కనబడుతుంది.

మా ఊళ్లో హోటల్ అంటే తినే చోటు, పడుకునే చోటు లాడ్జి. లాడ్జిలు రాకముందు సత్రాలు. శ్రీశైలం, అహోబిలం, మంత్రాలయం పోయే యాత్రికులు ముందు ఎవరొస్తే వాళ్లు అరుగు మీద మూట పెట్టుకునేవారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు సర్కారు ఆఫీసులకే చోటు చాలక డేరాలు వేశారు. మూడేళ్లకు, 1956 నవంబర్ 1న, రాజధాని హైదరాబాదుకు పోయింది. పనుల మీద జనం వచ్చిపోవడం మాత్రం ఆగలేదు. కలెక్టరాఫీసు, పెద్దాసుపత్రి, విత్తనాల వ్యాపారం, మందుల కంపెనీల రెప్రజెంటేటివ్‌లు. లాడ్జిలు నిలబడింది వీళ్ల మీదే.

ఆ లాడ్జిలకు ప్రాణం కౌంటర్ మీది రిజిస్టర్. పేరు, తండ్రి పేరు, ఏ ఊరి నుంచి, ఏ పని మీద, వచ్చిన టైము, సంతకం. పోలీసులు అడిగితే చూపించాలి. విదేశీయులు దిగితే వాళ్ల వివరాలకు వేరే ఫారం, 24 గంటల్లోపు పంపాలి. ఓనరుకు మాత్రం అది అంతకన్నా ఎక్కువ. ఆదోని పత్తి వ్యాపారి ఏ వారం వస్తాడో, ఏ ఇంటివాళ్లు పెళ్లికి పది రూములు అడుగుతారో అందులోనే తెలిసేది. నా చిన్నప్పుడు చిన్నాయన ఆ పుస్తకం తిరగేసి, రాబోయే వారం ఎవరికి ఫోన్ చేయాలో వెనక అట్ట మీద పెన్సిలుతో రాసుకునేవాడు.

ఇప్పుడు డెమోలో చూపించే గళ్ల పుట్టుక వేరు. అది విమానం సీట్ల కోసం తయారైంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి కట్టిన సేబర్ అనే సీట్ల రిజర్వేషన్ వ్యవస్థ 1960లో మొదలై 1964కల్లా పూర్తిగా పనిలోకి వచ్చింది. ఈ రోజు ఎగిరిన విమానంలో ఖాళీగా పోయిన సీటును రేపు అమ్మలేం. రూము సంగతీ అంతే. అందుకే హాలిడే ఇన్ 1965లోనే తన హోటళ్లన్నిటికీ హాలిడెక్స్ అనే సొంత వ్యవస్థ పెట్టుకుంది. హోటల్ లోపలి లెక్కలకు 1987లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఫిడెలియో అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇవన్నీ పెద్ద హోటళ్లను చూసి చేసినవి. మధ్యాహ్నం పన్నెండుకు అందరూ ఖాళీ చేస్తారని, రాత్రి ఒకసారి రోజు లెక్క మూసేస్తారని, అతిథి కార్డు నంబరు ఇస్తాడని, రాకపోతే దాని మీద డబ్బు లాగవచ్చని వాటి లెక్క. మా లాడ్జిలకు ఇందులో ఒక్కటీ సరిగ్గా అతకదు. ఆ చిక్కులు ఇప్పటికీ తీరలేదు.

1996లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీడియా అనే ప్రయాణాల బుకింగ్ సైటును మొదలుపెట్టింది. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో ఇప్పటి బుకింగ్ డాట్ కామ్ పుట్టింది. 2000లో వచ్చిన మేక్‌మైట్రిప్ మొదట అమెరికాలోని మనవాళ్లకు విమానం టికెట్లు అమ్మింది. రాయలసీమకు ఈ అలవాటు రైలు, బస్సు మీదుగా వచ్చింది. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ టికెట్లు, 2006 తర్వాత బెంగళూరు, హైదరాబాదు ప్రైవేటు బస్సుల సీట్లు. ఫోన్లో సీటు ఎంచుకున్న కుర్రాడు, రూము కూడా అక్కడే దొరుకుతుందా అని వెతకడం మొదలుపెట్టాడు. 2016లో చవక డేటా, యూపీఐ వచ్చాక మా కౌంటర్ ముందు "రూము ఉందా అన్నా" అనే గొంతులు తగ్గి, ఫోన్ తెర ముందుకు చాపే చేతులు పెరిగాయి.

మధ్యలో 2009 అక్టోబర్ 2 ఉంది. తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడిన రోజు. అంతకు మూడేళ్ల ముందు చిన్నాయన ఒక సీడీ సాఫ్ట్‌వేర్ కొని కౌంటర్ కంప్యూటర్లో వేయించాడు. పాత రిజిస్టర్లూ, ఆ కంప్యూటరూ అన్నీ కిందే. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే పుస్తకాలు ఉబ్బి ఇటుకల్లా అయ్యాయి, సీపీయూ పెట్టె విప్పితే ఒండ్రుమట్టి. అమ్మినవాళ్ల దగ్గరా కాపీ లేదు. పన్నెండేళ్ల గిరాకీల పేర్లు ఒక్క రాత్రిలో పోయాయి. "లెక్క మన దగ్గర ఒక్కచోటే ఉండకూడదు" అని చిన్నాయన అప్పటి నుంచి అంటున్నాడు. క్లౌడ్ అనే మాట ఆయనకు నచ్చడానికి కారణం ఇదే. అయితే క్లౌడ్‌లో పెట్టడమంటే పుస్తకం ఇంకొకరి ఇంట్లో పెట్టడం. బాడుగ కట్టడం ఆపిన రోజు ఆ ఇంటి తలుపు మనకు తెరుచుకుంటుందా అన్నది ఒప్పందంలో చూసుకోవాల్సిన మొదటి మాట.

మా రూములు అమ్మే బుకింగ్ సైట్లు ఒకటికి మూడయ్యాక ఇంకో బాధ మొదలైంది. ఒక్కో సైటుకు ఒక్కో ఎక్స్‌ట్రానెట్ (ఓనరు తన రూములు, ధరలు మార్చుకునే పేజీ), ఒక్కో పాస్‌వర్డ్. ఒకచోట రూము పోతే మిగతాచోట్ల చేత్తో తగ్గించాలి. ఒక శ్రావణమాసం ముహూర్తం రాత్రి పెళ్లివాళ్లు ఫోన్లో పది రూములు చెప్పుకున్నారు. కౌంటర్ అబ్బాయి ఒక సైటులో మూసి, రెండోదాంట్లో మరిచాడు. పదకొండు గంటలకు బెంగళూరు నుంచి ఒక కుటుంబం దిగింది, చంకలో నిద్రపోతున్న పాప. "డబ్బులు కట్టేసినాం అన్నా, ఇదో మెసేజ్" అని ఆ ఇంటాయన ఫోన్ చూపించాడు. తాళంచెవులు తగిలించే బోర్డు మీద ఒక్కటీ లేదు. చిన్నాయన తన స్కూటర్ మీద ముందు పోతూ వాళ్ల కారును మూడు లాడ్జిల చుట్టూ తిప్పి, నాలుగోచోట రూము ఇప్పించి, తేడా డబ్బు తానే కట్టాడు. ఆ ఇంటామె ఒక్క మాటా అనకుండా పాపను భుజం మార్చుకోవడం ఆయన ఇప్పటికీ చెబుతాడు.

ఈ జబ్బుకు వచ్చిన మందు ఛానెల్ మేనేజర్. ఒకచోట రూము పోతే అన్నిచోట్లా అదే తగ్గిస్తుంది. సిడ్నీలో 2006లో మొదలైన సైట్‌మైండర్ అలాంటిదే. మన దేశంలో సూరత్‌లో 2005లో పుట్టిన ఈజీ టెక్నోసిస్‌ను 2019లో కొరియా కంపెనీ యనోల్జా కొనేసింది. మనం ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ యజమాని రేపు మారవచ్చు. కాబట్టి కంపెనీ పేరు కన్నా ఒప్పందం కాగితం ముఖ్యం.

ఇక డబ్బు. రూము 1,500 అనుకుందాం, సైటు కమీషన్ 20 శాతం అనుకుందాం. 300 పోయింది. ఆ 300 మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 54. పైగా మనకు డబ్బు ఇచ్చేముందే సైటువాళ్లు జీఎస్టీ కింద టీసీఎస్ అని 0.5 శాతం, ఆదాయపు పన్ను కింద టీడీఎస్ అని 0.1 శాతం పట్టుకుంటారు, ఇవి లెక్క చూపితే తిరిగి వస్తాయి. ఆ 54 మాత్రం రాదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 లోపు రూములకు జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. అతిథికి మంచిదే. కానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన పన్నును సర్దుకునే వీలు, లేకుండా దిగింది. ఒకప్పుడు సర్దుకోగలిగిన పన్ను ఇప్పుడు నేరుగా ఓనరు జేబులోంచి పోతోంది. సాఫ్ట్‌వేర్ బాడుగ మీది జీఎస్టీ కూడా అంతే. డెమోకు వచ్చినవాళ్లు ఈ లెక్క చెప్పరు, మనమే వేసుకోవాలి.

మరి సొంత వెబ్‌సైటులో వంద తగ్గించి అమ్ముకోవచ్చు కదా? చాలాకాలం కుదరలేదు. తమ సైటులో కన్నా తక్కువకు ఇంకెక్కడా అమ్మకూడదని ఒప్పందాల్లో రాసి ఉండేది. హోటళ్ల సమాఖ్య ఫిర్యాదు మీద విచారించిన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్ 19న మేక్‌మైట్రిప్-గోఐబిబోకు 223.48 కోట్లు, ఓయోకు 168.88 కోట్లు జరిమానా వేసింది. ధర, రూముల లభ్యత విషయంలో హోటళ్లకు పెట్టిన ఆ షరతులను ఒప్పందాల్లోంచి తీసేయమని మేక్‌మైట్రిప్-గోఐబిబోను ఆదేశించింది. చిన్న లాడ్జికి ఇది పెద్ద సంగతి. అంతకు ముందు ఏడాదే, 2021 మార్చిలో, గూగుల్ హోటల్ వెతుకులాటలో బుకింగ్ లింకులు ఉచితం చేసింది. మన ధర మన సైటు పేరుతో పెద్ద సైట్ల పక్కనే కనబడుతుంది. అయితే దానికి లైవ్ ధరలు పంపే బుకింగ్ ఇంజిన్, అంటే మన సైటులోనే రూము బుక్ చేయించే సాఫ్ట్‌వేర్, ఉండాలి. ఈ ఒక్క కారణం చాలు, నా మటుకు సొంత బుకింగ్ ఇంజిన్ లేని ప్యాకేజీని పక్కన పెట్టేస్తాను.

పాత చిక్కుల సంగతి. మా లాడ్జిలు చాలావరకు 24 గంటల చెకౌట్. తెల్లారుజామున నాలుగుకు దిగినవాడికి మర్నాడు నాలుగు దాకా హక్కు. పన్నెండు గంటల లెక్క మీద కట్టిన సాఫ్ట్‌వేర్ దీన్ని రెండు రోజులుగా కొడుతుంది, లేదా ఇంకా మనిషి ఉన్న రూమును పచ్చగా చూపించి అమ్మేస్తుంది. కార్డు హామీ అయితే ఇక్కడ పనికిరాదు. ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకు ఓటీపీ లాంటి రెండో ధ్రువీకరణ కావాలి, 2022 అక్టోబర్ నుంచి వ్యాపారి కార్డు నంబరు దాచుకోకూడదు. "లాడ్జిలో కడతాం" అని బుక్ చేసి రానివాళ్ల దగ్గర వసూలు చేసే దారే లేదు. మిగిలింది యూపీఐ అడ్వాన్స్. బుక్ చేసేటప్పుడే మూడు వందలు మన ఖాతాలో పడితే ఆ మనిషి వస్తాడు.

అన్నిటికన్నా నాకు పట్టింపు ఉన్నది అతిథి వివరాల మీద. కొన్ని సైట్లు అతిథి ఈమెయిల్‌ను మారు చిరునామాతో ఇస్తాయి, నేరుగా పలకరించే వీలుండదు. ఒకసారి సైటు ద్వారా వచ్చి మన చేతి కాఫీ తాగిపోయినవాడు రెండోసారి కూడా సైటు గిరాకీగానే వస్తాడు, మళ్లీ ఆ 300, 54 కలిపి 354 కట్టాలి. అందుకే డెమోకు వచ్చినవాళ్ల చేత ఒక పని చేయించమని చిన్నాయనతో అన్నాను: అతిథుల జాబితా మొత్తం ఎక్సెల్‌లోకి మా కళ్ల ముందు దింపి చూపించండి. "ఫ్రీ" అన్నతనికి అది రాలేదు. కమీషన్ మనిషి ఆఫీసుకు ఫోన్ చేశాడు. నెల బాడుగ అమ్మాయి ఒక్క నిమిషంలో దింపింది, కానీ ఆమె దాంట్లో 24 గంటల చెకౌట్ లేదు. కంపెనీవాళ్లు చేసిస్తామన్నారు. చేసి చూపించాకే అడ్వాన్స్ ఇస్తానని చిన్నాయన చెప్పి పంపాడు. కార్తీకమాసం శ్రీశైలం రద్దీకి ముందు రెండు వారాలు కాగితం రిజిస్టరూ, అదీ పక్కపక్కన నడిపి చూస్తాం.