టైరు అరిగి ఎటు పోయింది?

మా వాడకట్టు పంక్చర్ షాపులో గ్రిప్ పోయి బోడిగా అయిన ఆటో టైర్లు గోడకు ఆనించి ఉంటాయి. కొత్తలో లోతుగా ఉన్న గాట్లు ఇప్పుడు అరచేతికి నున్నగా తగులుతాయి. పోయిన ఆ రబ్బరంతా హన్మకొండ రోడ్ల మీదే రాలింది.

తొలకరి వాన వెలిశాక డివైడర్ పక్కన మేట వేసిన నల్లమట్టి చిటికెడు తీసి, ఎండబెట్టి, భూతద్దం కింద చూడండి. ఇసుక మధ్యలో సన్నగా, పొడుగ్గా, మెలితిరిగిన నల్లటి నలుసులు కనిపిస్తాయి. సకినాల పిండికి నువ్వులు అంటినట్టు వాటికి రాతిపొడి అంటుకుని ఉంటుంది. అదే టైరు పొడి.

రబ్బరు అంటాం గానీ, టైర్లో చెట్టు పాల నుంచి వచ్చింది కొంతే. మిగతాది పెట్రోలియం నుంచి చేసిన రబ్బరు, మసి, జింకు, రకరకాల రసాయనాలు. అందుకే 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ఈ నలుసులను మైక్రోప్లాస్టిక్‌లలోనే లెక్కేస్తారు. 2017లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో తలకు ఏడాదికి సగటున 0.81 కిలోల టైరు పొడి రాలుతోంది, మన దేశంలో పావు కిలోకి కాస్త తక్కువ. అయినా చాలాకాలం ఇది లెక్కల్లోకి సరిగా రాలేదు. ప్లాస్టిక్‌ను గుర్తుపట్టే మామూలు పరికరం పరారుణ కాంతితో పనిచేస్తుంది. టైర్లోని మసి ఆ కాంతిని మింగేస్తుంది. దాంతో ఈ మట్టిని బాగా వేడిచేసి, వచ్చే ఆవిరిని పరీక్షించాల్సి వస్తోంది.

దీని హాని ఎంత దూరం పోతుందో అమెరికాలోని సియాటెల్ వైపు వాగుల్లో తేలింది. వాన పడ్డప్పుడల్లా అక్కడ కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోయేవి. కారణం 2020లో దొరికింది. టైరు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి, 6పీపీడీ-క్వినోన్ అనే విషంగా మారుతుంది. వాన దాన్ని వాగులోకి తోస్తుంది. దగ్గరి చుట్టమైన చమ్ సాల్మన్‌కు మాత్రం ఏమీ కాలేదు. కాబట్టి మన బొచ్చె, రవ్వులను ఇక్కడి నీళ్లలోనే విడిగా పరీక్షించాలి.

వరంగల్‌కు సముద్రం దూరమే. కానీ మన వాగులు కొన్ని గోదావరి వైపు, ఆకేరు లాంటివి మున్నేరు మీదుగా కృష్ణ వైపు పోతాయి. చివరికి అన్నీ చేరేది బంగాళాఖాతమే. మధ్యలో ఆపేవి మన గొలుసుకట్టు చెరువులు. టైరు పొడి నీళ్ల కంటే బరువు. నీటి వేగం తగ్గితే అడుక్కి దిగుతుంది. నాలాలు కబ్జా అయి చెరువులు కుంచించుకుపోతే నీళ్లు నిలవవు, పొడి దిగదు. 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి, హంటర్ రోడ్డు మునిగినప్పుడు రోడ్డు మట్టి ఇళ్లలోకే వచ్చింది. వరద ఉధృతికి చెరువు అడుగున దిగిన మట్టి కూడా లేచి కిందికి పోతుంది.

చెరువులో ఆగిన పొడి మాత్రం పూడికలోనే ఉంటుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక మట్టిని ట్రాక్టర్లలో పొలాలకు తోలుకున్నాం. ఊరి చెరువు మట్టి చేనుకు మంచి బలం, అందులో అనుమానం లేదు. పట్నం నాలాలు కలిసే చెరువు సంగతి వేరు. భద్రకాళి చెరువులో పూడికతీత కోసం 2024 చివర్లో నీళ్లు వదిలేశారు. ఇలాంటి చెరువుల మట్టి చేనుకు తోలే ముందే జింకు, టైరు పొడి ఎంతున్నాయో చూడాలి. నాలా నీళ్లు చెరువులో పడే మూల దగ్గర ఒక నమూనా, నడిమధ్యన ఒకటి, తూము దగ్గర ఒకటి తీసి పరీక్ష చేస్తే ఏ మట్టి పొలానికి పోవచ్చో, ఏది పోకూడదో తేలుతుంది.