మద్దతు ధర, కౌలు కార్డు, పన్ను: చిన్న రైతుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: మద్దతు ధర ప్రకటిస్తే రైతుకు ఆ ధర దక్కినట్టే.

వాస్తవం: మద్దతు ధరకు చట్టం లేదు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సిఫారసు చేస్తుంది, కేంద్ర మంత్రివర్గం ప్రకటిస్తుంది, అంతే. చట్టబలం ఉన్నది చెరకుకే: 1966 నాటి కంట్రోల్ ఆర్డరు కింద ఫ్యాక్టరీ ఎఫ్‌ఆర్‌పీ (కేంద్రం నిర్ణయించే కనీస చెరకు ధర) చెల్లించి తీరాలి. 2020 సాగు చట్టాలను రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చుని వెనక్కి తీయించారు. అదే ఉద్యమం అడిగిన చట్టబద్ధ మద్దతు ధర మాత్రం రాలేదు.

ఇక కళ్లం దగ్గరి లెక్క. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలు. అది తేమ 17 శాతం మించని వడ్లకు. మిషన్‌తో కోసిన వడ్లలో తేమ 22 శాతం ఉంటే, 17కి ఆరేసరికి క్వింటాలు కాస్తా 94 కిలోలవుతుంది. అంటే పచ్చివడ్లకు పొలం దగ్గరే 2,226 ఇస్తే మద్దతు ధర వచ్చినట్టే. ఆరబోత కూలి, టార్పాలిన్ల అద్దె, కొనుగోలు కేంద్రానికి తోలే కిరాయి అందులోంచి తీసేయండి. దానికీ దిగువన అడిగితే మాత్రం నష్టపు బేరమే. ఈ లెక్క రైతుకు తెలియదనుకోకండి. పెట్టుబడికి అప్పిచ్చిన వ్యాపారికే పంట తోలాల్సి ఉంటే బేరమాడే వీలెక్కడిది?

అపోహ: కౌలు కార్డుకు సంతకం పెడితే భూమి చేజారుతుంది.

వాస్తవం: కౌలు కార్డు ఇచ్చే ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కౌలుదారుకు ఇచ్చింది పంటపై హక్కు, అదీ 11 నెలలకే. యాజమాన్యం అలాగే ఉంటుంది. కానీ భూమి ఆసామి సంతకం తప్పనిసరి చేశారు. అంతకుముందున్న 2011 కౌలు చట్టంలో ఆ షరతు లేదు. భయపడే ఆసామి సంతకం పెట్టడు, కార్డు రాదు, పంట రుణం ఆగిపోతుంది. కార్డు ఉన్నా పీఎం కిసాన్ కింద కేంద్రం ఏటా ఇచ్చే 6,000 రూపాయలు కౌలుదారుకు రావు, అవి భూమి పేరున ఉన్నవారికే. తెలంగాణ రైతుబంధు కూడా పట్టాదారుకే ఇచ్చారు. సాగు ఒకరిది, సాయం ఇంకొకరిది.

అపోహ: రైతు పన్ను కట్టడు.

వాస్తవం: వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, నిజమే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 86 శాతం కమతాలు 5 ఎకరాల లోపువే. అంత చిన్న కమతంపై ఆదాయం సాధారణంగా పన్ను పరిధికే చేరదు కాబట్టి ఈ మినహాయింపుతో లాభపడేది ఎక్కువగా పెద్ద ఆసాములే. ఎరువులపై 5 శాతం, రసాయన పురుగుమందులపై 18 శాతం జీఎస్టీ అందరూ కడతారు. డీలరు తాను కట్టింది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీలోంచి మినహాయించుకుని, సర్దుబాటు చేసుకుంటాడు. రైతుకు ఆ వెసులుబాటు లేదు.