థియేటర్ తలుపు బయట 14 నిమిషాలు

కోవిడ్ రోజుల్లో అపెండిక్స్ పగిలిన రోగికి మత్తు ఇచ్చిన తరువాత కూడా సర్జన్ కొన్నిచోట్ల థియేటర్ బయటే కాసేపు ఎందుకు ఆగేవారని ఒక పాఠకురాలు అడిగారు. 2020 మే నెలలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, శస్త్రచికిత్సకు 7 రోజుల ముందు నుంచి 30 రోజుల తరువాత వరకు కరోనా నిర్ధారణ అయిన 1,128 మంది రోగుల్లో 23.8 శాతం మంది 30 రోజుల్లోపే మరణించారు. వాయిదాకు వీలున్న ఆపరేషన్లను వాయిదా వేశారు గానీ, పగిలిన పేగుకు ఆ వెసులుబాటు లేదు. శ్వాసనాళంలోకి గొట్టం దించేటప్పుడు వైరస్ ఉన్న సూక్ష్మ తుంపరలు గాలిలో కలుస్తాయన్న భయంతో, అనుభవజ్ఞుడైన మత్తు వైద్యుడినీ ఒకరిద్దరు సహాయకులనూ మాత్రమే లోపల ఉంచి, మిగిలినవారిని బయట ఆపేవారు.

ఎంతసేపు ఆపాలన్నదే అసలు లెక్క. గదిని బిందెగా, వైరస్‌ను ఉప్పుగా, కొత్త గాలిని మంచినీరుగా అనుకుందాం. ఉప్పునీటితో నిండిన బిందెలో మంచినీటి ధార వదిలి, బాగా కలియబెడుతూ, ఎక్కువైన నీటిని పొర్లిపోనిద్దాం. బిందెడు మంచినీళ్లు పడేసరికి ఉప్పంతా పోతుందనుకుంటాం. కానీ పొర్లే నీటిలో కొత్తనీరూ పోతుంది కనుక 37 శాతం ఉప్పు ఇంకా మిగులుతుంది. రెండో బిందెకు 14 శాతం, మూడో బిందెకు 5 శాతం మిగులుతాయి. 99 శాతం వదలాలంటే సుమారు 4.6 బిందెలు కావాలి. గంటకు 20 సార్లు గాలి మారే థియేటర్‌లో ఒక్కో మార్పుకు 3 నిమిషాలు కాబట్టి, ఆ నిరీక్షణ 14 నిమిషాలు. 6 సార్లే మారే గదిలో 46 నిమిషాలు. ఇంటర్‌లో రేడియోధార్మికత పాఠంతోనే ఆగిపోయే ఘాతీయ క్షీణత (ప్రతిసారీ మిగిలినదాంట్లో అదే వంతు తగ్గడం) ఇదే.

స్ప్లిట్ ఏసీ మాత్రమే ఉన్న చిన్న ఆసుపత్రి థియేటర్‌లో ఆ యంత్రం బిందెలోని నీటినే కలియబెట్టి చల్లబరుస్తుంది, కొత్తనీరు పోయదు. కర్పూరం పొగ గాలిని శుద్ధి చేస్తుందని నమ్మినవారు బిందెలో మరో పదార్థం కలిపారంతే. గాలిలోని అతి సూక్ష్మ కణాలను పట్టే హెపా వడపోత మాత్రం ఉప్పును పట్టేసి అదే నీటిని తిరిగి పోస్తుంది. 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను అది 99.97 శాతం ఆపుతుంది. అంతకన్నా పెద్దవి జడత్వం వల్ల పోగులకు కొట్టుకుంటాయి, చిన్నవి బ్రౌనియన్ చలనంతో, అంటే గాలి అణువుల తాకిడికి అడ్డదిడ్డంగా తిరుగాడుతూ అంటుకుంటాయి. తప్పించుకునే అవకాశం ఎక్కువగా ఉన్నవి ఆ మధ్య పరిమాణానివే. కాబట్టి 0.1 మైక్రాన్ వైరస్ దానిలోంచి సులువుగా దూరిపోతుందన్న వాదన తప్పు.

మరో చిక్కు పీడనానిది. కోతకు బయటి క్రిములు సోకకుండా థియేటర్‌లో గాలి పీడనాన్ని వరండాలో కన్నా ఎక్కువగా ఉంచుతారు. దానివల్ల లోపలి వైరస్ బయటికి వస్తుంది. పీడనాన్ని పూర్తిగా తగ్గిస్తే కోతకు ముప్పు. అందువల్ల వీలున్నచోట థియేటర్‌కూ వరండాకూ మధ్య తక్కువ పీడనం గల చిన్న గదిని ఏర్పాటు చేశారు.

రక్తస్రావం ఆగని రోగి విషయంలో ఈ నిరీక్షణ కుదిరేది కాదు. అందరూ ఎన్95 మాస్కులతోనే లోపలికి వెళ్లాల్సి వచ్చేది. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇస్తే గొట్టం అవసరమే సాధారణంగా ఉండదు. 2020లో బ్రిస్టల్ పరిశోధకులు థియేటర్లలో కొలిచినప్పుడు, గొట్టం దించేటప్పటి కణాలు ఒక దగ్గులో వెలువడే వాటికన్నా చాలా తక్కువని తేలింది, ఎందుకంటే కండరాలను సడలించే మందు ఇచ్చాక రోగి దగ్గలేడు. గొట్టం తీసే వేళకు ఆ మందు ప్రభావం తగ్గి, దగ్గు వస్తుంది. అందుకే రోగిని ఉమ్మడి రికవరీ గదికి పంపకుండా థియేటర్‌లోనే మేలుకోనిచ్చి, తరలించిన తరువాత గాలి మారేదాకా తలుపు మళ్లీ మూసి ఉంచేవారు.