శ్రీకాకుళం నుంచి డల్లాస్ ఎటు?

మా పక్కింటి పిన్ని కొడుకు దోహాలో విమానం మారి డల్లాస్ వెళ్తున్నాడు. పిన్ని ఫోన్లో విమానం బొమ్మనే చూస్తూ కూర్చుంది. బొమ్మ గ్రీన్‌లాండ్ వైపు పాకేసరికి కంగారు పడింది. "అమెరికా పడమరకి గదా బావూ! ఉత్తరానికెల్తన్నాడేటి, దారి తప్పినాడేటి?"

తప్పు విమానానిది కాదు, గోడ మీది పటానిది. గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే ధ్రువాల దగ్గర నేల సాగిపోతుంది. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు 111 కిలోమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సగమే, ధ్రువం దగ్గర సున్నా. పటం మాత్రం అన్నిచోట్లా ఒకటే వెడల్పు గీస్తుంది.

మా పిల్లల గ్లోబు తెచ్చి, పూలు కట్టే దారం ఒక కొస శ్రీకాకుళం మీద, రెండోది డల్లాస్ మీద పెట్టి బిగించాను. దారం జారి జారి ఉత్తర ధ్రువం మీద ఆగింది. నాకే ఆశ్చర్యమేసింది. మన ఊరు 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం, డల్లాస్ 96.8 పడమర. కలిపితే 180.7. అంటే భూమికి ఇటు మనం, అటు వాళ్లు. ధ్రువం దాకా ఎక్కడానికి 71.7 డిగ్రీలు, అవతల దిగడానికి 57.2. డిగ్రీకి 111 చొప్పున దాదాపు 14,300 కిలోమీటర్లు. అదే డల్లాస్ అక్షాంశం దాకా వెళ్లి, అక్కణ్ణుంచి పటంలో లాగా అడ్డంగా పోతే 18,400!

మరి వాడు వెళ్లిన దారో? ముందు టాక్సీలో నైరుతికి, విశాఖకి. అక్కణ్ణుంచి హైదరాబాద్, ఆపైన దోహా. అన్నీ కలిపితే 16,000 దాటుతుంది, గాల్లోనే ఇరవై గంటల పైమాట. ఒక్క దోహా–డల్లాస్ విమానానికే పదహారు గంటలు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గంటకి పైగా కలిసొస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

ధ్రువం దారి లేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఆ దారినే వచ్చారు. కానీ మన గీత నిటారుగా ఉత్తరానికి పోతుంది. సంబల్‌పూర్ పక్కనుంచి, పోఖరా మీదుగా, సరిగ్గా అన్నపూర్ణ శిఖరం దగ్గర హిమాలయాలు దాటి టిబెట్‌లో పడుతుంది. చిక్కంతా అక్కడే. విమానం లోపల గాలి పీడనం పడిపోతే పైలట్ గబగబా పదివేల అడుగులకి దించాలి. నెత్తి మీద నుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంటో, కొంచెం పైనో వస్తుంది. టిబెట్‌లో నేలే చాలాచోట్ల పద్నాలుగు వేల అడుగుల పైన ఉంటుంది. దిగేదెక్కడికి? ఇక ధ్రువం దగ్గర చలి. మామూలు జెట్ ఇంధనం మైనస్ 40, 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది కనక ట్యాంకు ఉష్ణోగ్రత మీద ఓ కన్నేసి ఉంచాలి.

పిన్ని ఇదంతా విని, దారాన్ని వేలితో ఒడిశా దాకా తడిమింది.

"అయితే మావోడి ఊరు సంబల్‌పూర్ దారేనన్నమాట!"