తల కొయ్యకుండా తీసిన ముక్కలు

అమ్మమ్మ ఫిల్మును ఎండకేసి ఎత్తి పట్టుకుంది. నల్లటి షీటు మీద ఇరవై తలకాయలు, నాలుగేసి చొప్పున ఐదు వరసలు. ముందురోజు పెరట్లో నాచు మీద జారిపడి తల వెనక బొప్పి కట్టింది. సాయంత్రానికి రెండుసార్లు వాంతి అయింది. అంతే, ఆటో ఎక్కించి సీటీ స్కానింగ్‌కి తీసుకెళ్ళాం. భయపడ్డట్టు ఏమీ లేదని రిపోర్టు వచ్చాక, పర్లాకిమిడిలో మా వీధరుగు మీద తీరిగ్గా మొదలైంది విచారణ.

"ఒరే, ఇదేట్రా, కోసిన బూడిదగుమ్మడికాయలాగున్నాది? నా తల కొయ్యనేదు కదా, మరి ముక్కలెలాగొచ్చాయి?"

"ఫొటో తీశారమ్మమ్మా" అన్నాను.

"ఫొటోకి నా బుగ్గలేవి మరి?" అంది. తర్వాత కింది వరసలో ఒక ముక్క మీద వేలు పెట్టింది. "ఈ సుక్కలాగ మెరుస్తున్నాదేటి?"

ఆ చుక్క సంగతికి తర్వాత వస్తాను. ముందు నా తప్పు ఒప్పుకోవాలి. బడిలో లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఆ ఫిల్మును ఫొటో అనకూడదు. అది ఎవరూ తీసిన బొమ్మ కాదు, కట్టిన లెక్కకి వచ్చిన జవాబు.

మామూలు ఎక్స్‌రే అయితే నీడ. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ కంటపడ్డ ఆ కిరణాలు ఒళ్ళు దాటి అవతలికి పోతాయి. దారిలో ఎముక అడ్డొస్తే ఎక్కువగా, కండ అడ్డొస్తే తక్కువగా తగ్గుతాయి. చిక్కల్లా నీడలో ముందూ వెనకా తెలియకపోవడమే. పుర్రె ముందు భాగం, మధ్యలో మెదడు, వెనక ఎముక అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

నౌపడ నుంచి గుణుపూర్ వెళ్ళే రైలెక్కి పాతపట్నం దాటాక కిటికీలోంచి తాటిచెట్లను చూడండి. బండి ఆగి ఉంటే ఒక చెట్టు వెనక మరెన్ని దాగున్నాయో చెప్పలేం. కదిలిందా, చెట్టు వెనక నుంచి చెట్టు బయటకొస్తుంది. నాలుగు ఫర్లాంగులు పోయేసరికి ఏది దగ్గరో ఏది దూరమో మనసులో ఒక పటం గీసుకుపోతుంది. సీటీ స్కాన్ చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ రైలు ఎక్స్‌రే యంత్రం, అది తల చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది.

నీడ నుంచి లెక్కలోకి రావడానికి ఒక చిన్న మెట్టుంది. ఒక తెర వెలుతురును సగానికి తగ్గిస్తుందనుకోండి. రెండు తెరలు పావుకి, మూడు తెరలు అరపావుకి తగ్గిస్తాయి. బయటకొచ్చిన వెలుతురు అరపావని తెలిస్తే "ఎన్నిసార్లు సగమైంది?" అని అడిగి తెరలు మూడని చెప్పొచ్చు. పదో తరగతి పిల్లలు ఎందుకూ పనికిరాదని తిట్టుకునే లాగరిథం ఇక్కడ చేసేది ఈ పనే, హెచ్చవేతను కూడికగా మార్చడం. దానివల్ల ఒక్కో కిరణం కొలత, ఆ దారిలో ఉన్న అడ్డంకులన్నిటి మొత్తం అవుతుంది.

మొత్తాలు తెలిస్తే విడివిడి అంకెలు తెలుస్తాయా? నాలుగు గళ్ళున్న పళ్ళెంలో జీడిపప్పులు పోశాను. మీకు కనిపించవు. పై వరసలో మొత్తం 5, కింది వరసలో 9. ఎడమ నిలువులో 6, కుడి నిలువులో 8. పైన 2, 3, కింద 4, 5 అని ఒకరు చెప్పొచ్చు. పైన 1, 4, కింద 5, 4 అని ఇంకొకరు చెప్పొచ్చు. రెండూ సరిపోతాయి! పై ఎడమ గడి నుంచి కింది కుడి గడికి ఏటవాలుగా కూడితే 7 అని నేనింకొక్క మాట చెప్పానా, రెండో జవాబు ఎగిరిపోయి మొదటిదొక్కటే మిగులుతుంది. ఇంకొక దిక్కు నుంచి చూడడం విలువ అంత.

అమ్మమ్మ తలలో ఒక్కో ముక్కకి 512 వరసలు, 512 నిలువులు, అంటే 2,62,144 గళ్ళు. ఇప్పటి యంత్రాలు ఒక చుట్టులో సుమారు వెయ్యి కోణాల నుంచి, ప్రతి కోణంలోనూ వందల కొలతలు తీసుకుంటాయి. చుట్టు పూర్తవడానికి సెకను కూడా పట్టదు.

అన్ని దిక్కుల మొత్తాలూ తెలిస్తే లోపలి బొమ్మ తప్పకుండా తిరిగొస్తుందని ఆస్ట్రియా గణితవేత్త యోహాన్ రాడన్ 1917లోనే నిరూపించాడు. ఆయన మనసులో వైద్యం లేదు. ఆ వ్యాసం సంగతి తెలియకుండానే దక్షిణాఫ్రికాలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త అలన్ కార్మాక్ 1963, 64ల్లో అదే లెక్క మళ్ళీ కట్టి అచ్చువేశాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. వ్యాసం కాపీ అడిగినవాళ్ళలో స్విట్జర్లాండులో మంచుచరియల మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటుంది! ఈ ఇద్దరి లెక్కలూ తెలియకుండానే ఇంగ్లండులో ఈఎంఐ అనే కంపెనీ ఇంజినీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ యంత్రం కట్టాడు. ప్రయోగశాలలో ఆయన మొదటి కొలతలు 28,000. వాటికి తొమ్మిది రోజులు పట్టింది, బొమ్మ కట్టడానికి కంప్యూటరుకి ఇంకో రెండున్నర గంటలు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక మహిళ తలను మొదటిసారి స్కాన్ చేశారు. ఆ బొమ్మలో ఉన్నవి 80 వరసలు, 80 నిలువులే. కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్‌లకు 1979లో నోబెల్ వచ్చింది.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నాకు మాత్రం అసలు రుచి ఇక్కడే మొదలవుతుంది.

లక్షల తెలియనివాటికి లక్షల సమీకరణాలు రాసుకుని కుస్తీ పట్టడం ఒక దారి. 1937లో పోలెండు గణితవేత్త కాచ్‌మార్జ్ చెప్పిన పద్ధతి అలాంటిదే. ముందు ఏదో ఒక జవాబు ఊహించు, ఒక్కో మొత్తంతో సరిచూసి తేడాను సర్దు, మళ్ళీ మొదటికి రా. హౌన్స్‌ఫీల్డ్ తొలి యంత్రం కూడా ఈ కోవలోనే నడిచింది. ఇంకో దారి చూడ్డానికి చాలా సులువు. ప్రతి కొలతనూ అది వచ్చిన దారి పొడుగునా వెనక్కి పూసెయ్యడమే. అన్ని కోణాల నుంచీ పూస్తే, నిజంగా ఏదైనా ఉన్నచోట పూతలన్నీ కలిసి చిక్కబడతాయి. కానీ తడి నేల మీద ముగ్గు వేసినట్టు అంతా అలుక్కుపోతుంది. ఉన్నది ఒక్క చుక్కే అయినా దాని చుట్టూ మసక అల్లుకుంటుంది, ఎందుకంటే ప్రతి పూతా చుక్క దగ్గర ఆగకుండా అటూ ఇటూ సాగిపోయింది.

ఆ మసకను వదిలించే చక్కటి ఉపాయం ఒకటి మన దేశం వాళ్ళు చెప్పారు. కొలాజెన్ అనే ప్రోటీను నిర్మాణంతో పేరు తెచ్చుకున్న జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ 1971 సెప్టెంబరులో, అంటే లండన్‌లో ఆ మహిళ బల్ల మీద పడుకోవడానికి కొద్ది వారాల ముందు, అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చువేశారు. వాళ్ళు చెప్పింది ఇది: కొలతలను ఉన్నవున్నట్టు పూయొద్దు. ముందు ప్రతి కొలతకీ పక్కవాటితో బేరం కుదుర్చు. తన విలువలో నాలుగో వంతు ఉంచుకుని, అటూ ఇటూ మొదటి పొరుగు నుంచి సుమారు 0.101 వంతు తీసెయ్యి. రెండో పొరుగు జోలికి పోకు. మూడో పొరుగు నుంచి 0.011 వంతు తీసెయ్యి. నాలుగోది వదిలెయ్యి. ఇలా సరి స్థానాల్లో సున్నా, బేసి స్థానాల్లో ఋణం. ఆ ఋణాలన్నీ చివరిదాకా కూడితే సరిగ్గా నాలుగో వంతే వస్తుంది. మధ్యలో ఉంచుకున్నదీ చుట్టూ తీసేసిందీ చెల్లుకు చెల్లు.

ఇప్పుడు వెనక్కి పూస్తే ప్రతి పూతకీ అంచుల్లో కొంచెం "తీసివేత" ఉంటుంది. ఒకరి మసకను ఇంకొకరి తీసివేత తుడిచేస్తుంది. చుక్క చుక్కలా నిలబడుతుంది. అంతకుముందు ఈ పనికి ఫూరియర్ రూపాంతరం అనే సుదీర్ఘమైన లెక్క చెయ్యాల్సి వచ్చేది. దాని బదులు కూడిక, గుణకారం చాలన్నారు. అప్పటి కంప్యూటర్ల శక్తికి అది వరం. ఇప్పటికీ పుస్తకాల్లో ఈ వడపోతను రామ్-లాక్ అనే పిలుస్తారు. రామచంద్రన్ పేరు ప్రోటీన్ల పాఠంలో చదివిన మా ఊరి బీఎస్సీ పిల్లలకి స్కానింగ్ సెంటర్లో కూడా ఆయన ఉన్నాడని ఎవరూ చెప్పరు. నాకది కొరతే.

లెక్క పూర్తయ్యేసరికి ప్రతి గడికీ ఒక అంకె వస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. మెదడుకి 30, 40 మధ్య, అప్పుడే గడ్డకట్టిన రక్తానికి 50 పైన. ఆ పదీ ఇరవై అంకెల తేడానే వాంతి చేసుకున్న ముసలమ్మ తలలో డాక్టరు వెతికేది. బూడిద రంగులు మన కంటికోసం తర్వాత వేసినవి.

ఇదంతా ఊరికే రాదు. తల స్కాన్‌కి సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్ పడుతుంది. ప్రకృతి నుంచి ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4. ఛాతీ ఎక్స్‌రేకైతే 0.1 దాటదు. అందుకే తక్కువ కొలతలతో బొమ్మ కట్టలేమా అన్న ఆరాటం. పళ్ళెం లెక్కలో చూశాం కదా, కొలత తగ్గితే జవాబులు ఎక్కువవుతాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలంటే ముందే ఏదో ఒకటి నమ్మాలి. ఒళ్ళు జల్లిన ముగ్గుపిండిలా ఉండదు, ఒక అవయవం లోపల అంతా ఇంచుమించు ఒకేలా ఉండి అంచు దగ్గర మారుతుంది అన్నది ఒక నమ్మకం. దాన్ని గట్టి గణితంగా మార్చి 2006 ప్రాంతంలో కాండెస్, టెరెన్స్ టావో, డోనహో అనే గణితవేత్తలు చూపించాక ఎంఆర్‌ఐ స్కాన్లలో కొలతలు చాలా తగ్గాయి.

ఇప్పుడు ఆ నమ్మకాన్ని లక్షల పాత బొమ్మలు చూసి నేర్చుకునే ఏఐ వచ్చింది. బొమ్మ ఎంత నున్నగా ఉంటుందో చెప్పలేను. నాకు గుబులు అక్కడే. అది ఎప్పుడూ చూడని చిన్న గడ్డ ఎదురైతే చెరిపెయ్యొచ్చు, లేనిది అతికించనూ వచ్చు. బొమ్మ మసగ్గా ఉంటే కనీసం అనుమానమైనా వస్తుంది. 2019 ఏప్రిల్ 10న విడుదలైన కృష్ణబిలం బొమ్మ విషయంలో శాస్త్రవేత్తలు చేసిన పని నాకు నచ్చింది. ఏడు టెలిస్కోపుల నుంచి వచ్చిన అరకొర కొలతలను నాలుగు జట్లకిచ్చారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కట్టమన్నారు. నాలుగింట్లోనూ ఉంగరమే వచ్చాక ఊపిరి పీల్చుకున్నారు.

ఎక్స్‌రే తిన్నగా పోతుంది కాబట్టి ఈ మాత్రం కుదిరింది. మామూలు వెలుతురుతో ఈ ఆట ఆడబోతే తిప్పలే. మా ఊళ్ళో కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ళు పల్చగా గీసిన కొమ్మును దీపానికి అడ్డం పెడితే తేనెరంగులో వెలుగుతుంది. వెనక వేలు పెట్టండి, ఆకారం తెలియదు. వెలుతురు లోపల వెయ్యి మలుపులు తిరిగి వచ్చింది మరి. టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టినా అంతే, చెయ్యి ఎర్రబడుతుంది గానీ ఎముక కనబడదు. కంటి ఆసుపత్రుల్లో షుగరు రోగులకు తీసే ఓసీటీ దీన్ని ఒడుపుగా దాటింది. 1991లో అమెరికాలో పుట్టిన ఈ పద్ధతి దారితప్పిన వెలుతురును పక్కనపెట్టి, తిన్నగా పోయి తిన్నగా తిరిగొచ్చినదాన్ని మాత్రమే జోడు కిరణంతో కలిపి గుర్తుపడుతుంది. మిల్లీమీటరులో నూరోవంతు మందం పొరలు విడివిడిగా చూపిస్తుంది. మా నాన్న కంటి వెనక చేరిన నీటిని పట్టిచ్చింది అదే.

కిరణం దారి తప్పితే ఒక గొడవ. అసలు అవతలికి రాకపోతే ఇంకో గొడవ. అమ్మమ్మ చుక్క అదే.

స్కాన్‌కి ముందు చెవి దుద్దులు తీసింది, గొలుసు తీసింది. ముక్కుపుడక మాత్రం రాలేదు. అరవై ఏళ్ళ క్రితం పెట్టిన మర, తిరగదు. టెక్నీషియన్ ఒడియాలో ఏదో అని, తెలుగులో "సర్లే అమ్మా, మెదడుకి కిందుగా ఉంది" అన్నాడు. బంగారం ఎక్స్‌రేను దాదాపు మింగేస్తుంది. "ఎన్నిసార్లు సగమైంది?" అన్న ప్రశ్నకి ఆ దారిలో అర్థంలేని జవాబొస్తుంది. వెనక్కి పూసినప్పుడు ఆ తప్పు పుడక దగ్గర ఆగదు, వచ్చిన ప్రతి దారి పొడుగునా పాకుతుంది. అందుకే ముక్కు ఎత్తులో ఉన్న ముక్కల్లో తెల్లటి చుక్క, దాన్నుంచి నాలుగు వైపులా తెల్లవీ నల్లవీ చారలు.

ఇదంతా నాకు చేతనైనట్టు చెప్పాను. అమ్మమ్మ ఫిల్మును మళ్ళీ ఎండకెత్తింది.

"అయితే ఇది నా పుడకే?"

"పుడకే."

"అరకాసు బంగారం. మెరవదేటి మరి" అని, పక్కింటామెను కేకేసింది చూపించడానికి.