రౌటర్ రాసే పద్దు

"ఆఫీసు వైఫైలో నా సొంత ఫోన్‌లో వాట్సాప్ వాడితే ఐటీ వాళ్లకి అంతా తెలిసిపోతుందా?" అని ఒక పాఠకురాలు టెన్షన్ పడుతూ అడిగారు. మీరు రాసిన మాటలు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి, దారిలో ఉన్న రౌటర్‌కి అవి చదవడం రాదు. కానీ మీ ఫోను ఏ అడ్రసుతో, ఎప్పుడు, ఎంతసేపు, ఎన్ని బైట్లు నడిపిందో రాసిపెట్టుకోగలదు. దాన్నే ఫ్లో రికార్డు అంటారు. నాకు వీటి పిచ్చి కాస్త ఎక్కువే. ఐపీ అడ్రసంటే ఏమిటి లాంటివి వదిలేసి నేరుగా రికార్డు చూద్దాం.

192.0.2.10 నుంచి 198.51.100.7కి. పోర్టులు (యంత్రంలో ఏ ప్రోగ్రామ్‌దో చెప్పే నంబర్లు) 51514, 443. ప్రోటోకాల్ (డేటా పంపే పద్ధతి) 6, అంటే టీసీపీ. ప్యాకెట్లు (డేటా ముక్కలు) 14, బైట్లు 9,820. మొదలు 10:02:11, చివర 10:02:19.

అంతే. అటునుంచి వచ్చిన జవాబుకి మళ్లీ వేరే రికార్డు.

ఇది అచ్చం కిరాణా కొట్టు ఖాతా. ప్యాకెట్ రాగానే రౌటర్ దాని పేరు చూస్తుంది. పేరంటే ఏడు సంగతులు కలిపి: పంపిన అడ్రసు, చేరాల్సిన అడ్రసు, రెండు పోర్టులు, ప్రోటోకాల్, సర్వీసు రకం, రౌటర్‌లోని ఏ ఇంటర్‌ఫేసు (ద్వారం) గుండా వచ్చిందీ. ఆ పేరు మీద పద్దు ఉంటే లెక్క కలుపుతుంది, లేకపోతే కొత్తది తెరుస్తుంది. తెరవడంలో ఏముంది, అసలు మజా మూయడంలో ఉంది.

ఊరు మారుతున్నామని చెప్పి బాకీ తీర్చేసే ఖాతాదారు ఉంటాడు. టీసీపీలో ఫిన్ గుర్తు కనబడటం అదే. చెప్పాపెట్టకుండా రావడం మానేసేవాడు ఉంటాడు. నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో రౌటర్లలో మామూలుగా 15 సెకన్లు చూసి అతని పద్దు కట్టేస్తారు. రోజూ వచ్చేవాడికి నెలాఖరున మొత్తం వేసి కొత్త పేజీ తీస్తారు. రౌటర్‌కి ఆ నెల మామూలుగా 30 నిమిషాలు. పుస్తకం నిండిపోతే పాత పద్దులు ముందే తేల్చేయాలి. యజమాని వచ్చి "అన్నీ ఇప్పుడే కట్టేయ్" అంటే అది ఇంకో కారణం. ఫ్లో రికార్డులు పంపే ప్రమాణం ఐపీఫిక్స్‌లో 136వ నంబరు ఫీల్డు ఉన్నదే ఇందుకు. పద్దు ఎందుకు మూశారో అందులో 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. పుస్తకం నిండి మూస్తే అది 5.

ఇది తెలియకపోతే తిప్పలే. రెండు గంటల డౌన్‌లోడ్ నాలుగైదు రికార్డులుగా విడిపోతుంది, వాటిని లెక్కపెట్టి నాలుగైదు కనెక్షన్లు అనుకుంటారు. అరగంట బైట్లన్నీ రికార్డు వచ్చిన నిమిషం మీద వేసే గ్రాఫులో లేని వరద కనిపిస్తుంది. మన కాలేజీల్లో నెట్‌వర్క్ పాఠమంటే ఓఎస్ఐ నమూనాలోని ఏడు పొరలు బట్టీ పట్టిస్తారు గానీ, ఒక్క ఫ్లో రికార్డైనా చూపించరు!

ఈ రికార్డులు రాసే పద్ధతి నెట్‌ఫ్లో 1996 ప్రాంతంలో సిస్కోలో పుట్టింది, అదీ ప్యాకెట్లను త్వరగా దాటించడానికి. లెక్కలు దాంతోపాటు వచ్చిన లాభం. ఐదో వెర్షన్‌లో రికార్డు కచ్చితంగా 48 బైట్లు. 24 బైట్ల హెడర్‌తో 30 రికార్డులు కలిపితే 1,464, ఒక్కో ప్యాకెట్‌కి ఈథర్‌నెట్ పెట్టే 1,500 బైట్ల హద్దులో సరిగ్గా ఇమిడిపోతుంది. కానీ కొత్త తరం పొడవాటి ఐపీవీ6 అడ్రసుకి అందులో చోటే లేదు. అందుకే తొమ్మిదో వెర్షన్‌లోనూ, దాని మీద కట్టిన ఐపీఫిక్స్‌లోనూ (2013, ఆర్‌ఎఫ్‌సీ 7011 అనే ప్రమాణ పత్రం) టెంప్లేట్లు వచ్చాయి. ముందు గళ్ల శీర్షికలు పంపి, తర్వాత అంకెలు పంపుతారు. శీర్షికలు దారిలో పోతే అంకెలకి అర్థం ఉండదు, కాబట్టి చేరిందో లేదో చూడని యూడీపీ ప్రోటోకాల్ మీద వాటిని మళ్లీ మళ్లీ పంపుతుంటారు.

2003 జనవరి 25న స్లామర్ వార్మ్ (తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రామ్) విరుచుకుపడింది. సోకిన యంత్రాల సంఖ్య మొదట్లో 8.5 సెకన్లకోసారి రెట్టింపైంది. పది నిమిషాల్లో, సోకే వీలున్న యంత్రాల్లో 90 శాతానికి పైగా దాని చేతికి చిక్కాయి. సర్వర్ గదికి నిమ్మకాయలు కట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లని నేనేమీ అనను గానీ, ఈ దిష్టి మాత్రం ఫ్లో రికార్డుల్లో స్పష్టంగా కనిపించే రకం. ఒకే యంత్రం నుంచి దొరికిన ప్రతి అడ్రసుకీ, యూడీపీ పోర్టు 1434కి, ఒక్కో ప్యాకెట్, ప్రతిసారీ 404 బైట్లు. లోపలేముందో తెరిచి చూడక్కర్లేదు. పైగా ప్రతి ప్యాకెట్టుకీ కొత్త అడ్రసు కాబట్టి ప్రతిదానికీ కొత్త పద్దు. పుస్తకం నిండి, మూసిన కారణం గళ్లో వరసగా 5 పడుతుంటే, అదే అలారం.

పెద్ద లింకుల్లో వెయ్యి ప్యాకెట్లకి ఒకటి మాత్రమే చూసి రాసే పద్ధతి ఉంది. ఖాతా పోలిక అక్కడ చెల్లదు, ఏ కొట్టువాడూ అలా చేయడు. మొత్తం బైట్ల అంచనా బాగానే వస్తుంది గానీ, నెమ్మదిగా ఒక్కో ప్యాకెట్ వదిలే దొంగ తప్పించుకుంటాడు.

ఇంట్లో చూడాలంటే పాత లైనక్స్ ల్యాప్‌టాప్‌లో రికార్డులు తయారుచేసే సాఫ్ట్‌ఫ్లోడీ, వాటిని చూపించే ఎన్ఎఫ్‌డంప్ వేసుకోండి, రెండూ ఉచితమే. పద్దు ఎంతసేపు తెరిచి ఉంచాలో చెప్పే మాక్స్‌లైఫ్ సెట్టింగ్ 60 సెకన్లకి తగ్గించడం మర్చిపోకండి.